సన్నబడ్డ పిల్లకు థైరాయిడ్ మాత్ర రాసే ముందు

సంపాదకుడికి,

కాలేజీలో ఏ ఇద్దరు తల్లులు కలిసినా ఇప్పుడు థైరాయిడ్ మాటే. కొందరు పిల్లలకు అది నిజమైన జబ్బు, వాళ్లు మాత్ర మానకూడదు. ఇంటర్ అమ్మాయిలకు జువాలజీ చెబుతూ హాస్టల్ బాధ్యత కూడా చూసే నాకు ఇంకో రకం పిల్లలూ కనబడుతున్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

గుంటూరు ఎండల్లో అందరూ ఫ్యాను కిందకు చేరితే ఒకమ్మాయి స్వెట్టర్ వేసుకుని కూర్చునేది. మెస్‌లో అన్నం పెట్టించుకుని, పప్పు కలిపి, కంచం అంచులకు పరిచి, పెరుగు ముట్టకుండానే లేచి చెయ్యి కడిగేసేది. దువ్వెన నిండా జుట్టే. నెలసరి ఆగిపోయింది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ హార్మోను టీ4, ఆ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ మామూలుగానే ఉన్నాయి, మరో థైరాయిడ్ హార్మోను టీ3 ఒక్కటే తక్కువ. ఆ ఒక్క అంకె చూసి థైరాక్సిన్ (టీ4 హార్మోను మాత్ర) రాశారు. ఏం తింటున్నావమ్మా అని ఎవరూ అడగలేదు.

బరువు పెరుగుతామన్న భయంతో తిండి తగ్గించేసే అనొరెక్సియా వంటి తిండి రుగ్మతల్లో సాధారణంగా థైరాయిడ్ గ్రంథి చెడిపోదు. గ్రంథి ఇచ్చే టీ4ను కాలేయంలాంటి అవయవాలు చురుకైన టీ3గా మార్చాలి. కడుపు మాడితే ఆ మార్పిడి తగ్గి, టీ4 పనికిరాని రివర్స్ టీ3గా ఎక్కువగా మారుతుంది. ఉన్న కాస్త శక్తితో నెట్టుకురావడానికి ఒళ్లు చేసుకునే పొదుపు అది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యం చూసి ఎంపిక చేసిన 36 మంది యువకులకు ఆరు నెలలు అరకడుపు తిండే పెట్టారు. విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. ఎండాకాలంలోనూ చలి అన్నారు.

అలా పొదుపులో పడ్డ ఒంటికి బయటినుంచి హార్మోను ఇస్తే కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, అప్పటికే నీరసించిన గుండె లయ తప్పవచ్చు. పైగా బరువంటే హడలిపోయే పిల్ల చేతికి బరువు దించుకునే మందు మనమే ఇచ్చినట్టవుతుంది. అమెరికాలో ఈ హార్మోన్లను ఊబకాయానికీ బరువు తగ్గడానికీ వాడరాదని మందు సమాచారపత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిస్తారు. ఇక్కడ పాత చీటీ చూపిస్తే చాలు, ఒక్కోసారి అదీ అడగకుండానే షాపులో ఇచ్చేస్తున్నారు. జుట్టు రాలుతోందని పిల్లలు మింగే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కొన్ని పద్ధతుల్లో చేసే థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తాయి. రక్తం తీసేటప్పుడు ల్యాబుల్లో ఆ సంగతి అడిగినట్టు నేనైతే చూడలేదు.

వీళ్లకు మందు తిండే. తగినంత తిని బరువు కోలుకుంటుంటే టీ3 కూడా పెరుగుతుంది. ఆ దశలో టీఎస్‌హెచ్ కొన్నాళ్లు కాస్త పైకి పోవచ్చు. కొత్త జబ్బని కంగారుపడి మాత్ర మొదలుపెట్టకుండా, కొన్ని వారాలాగి మళ్లీ పరీక్షించాలి. అంతవరకు వణికిన పిల్లకు ఒళ్లు వేడెక్కి రాత్రిళ్లు చెమటలు పట్టొచ్చు, బాగానే తింటున్నా కొన్నాళ్లు బరువు పెరగకపోవచ్చు. అలాగని బలవంతంగా ముద్దలు కుక్కొద్దు. చాలాకాలం పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు కనుసన్నల్లోనే పెంచుకుంటూ పోవాలి. మానసిక వైద్యమూ కావాలి. మానసిక జబ్బుల్లో ఎక్కువమందిని పొట్టనపెట్టుకునే వాటిలో అనొరెక్సియా ఒకటి.

డాక్టర్లు చీటీ రాసే ముందు తిండి, నెలసరి, ఏడాదిలో తగ్గిన బరువు గురించి, వీలైతే పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. చీటీ లేనిదే థైరాక్సిన్ అమ్మకుండా ఔషధ నియంత్రణ శాఖ చూడాలి. హాస్టళ్లలో అందరి ముందూ బరువు తూచి పైకి చదివే అలవాటును ఇంటర్ బోర్డు మాన్పించాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416ను ప్రతి మెస్ గోడమీదా రాయించడం ఈ విద్యాసంవత్సరంలోనే చేయగలిగిన పని.

- ఒక జువాలజీ లెక్చరర్, గుంటూరు