ఫొటో తప్పయినా సవరణ వేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటీఆర్ 72 కూలిందన్న వార్త పక్కన జెట్ విమానం ఫొటో వేస్తారు. కూలింది రెండు ప్రొపెల్లర్ల విమానమని వార్తలోనే ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ320 అత్యవసరంగా దిగితే బోయింగ్ 737 బొమ్మ పెడతారు. కింద 'ఫైల్ ఫొటో' అని రాస్తే సరిపోదు. ఆ మాటకు ఫొటో పాతదనే అర్థం, విమానం వేరేదని కాదు.

ఏ320, 737లను పోల్చుకోవడం కష్టమేమీ కాదు. 737 నిలువు తోక మొదట్లో ముందుకు ఏటవాలుగా సాగిన విరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేలకు బాగా దగ్గరగా ఉండే విమానం కాబట్టి ఇంజన్ల మూతి అడుగున నొక్కినట్టు చదునుగా ఉంటుంది. గాల్లో ఉన్నప్పుడు కడుపు కింద ప్రధాన చక్రాలు బయటికే కనిపిస్తాయి, వాటికి తలుపులుండవు. ఏ320లో అవి పూర్తిగా మూసుకుపోతాయి.

737ల్లోనే పొరబడితే ఇంకా నష్టం. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కూలినవి 737ల్లో కొత్త రకమైన మ్యాక్స్ 8లు. ఆ తర్వాత ప్రపంచమంతటా ఆపేసింది మ్యాక్స్‌లనే, అంతకుముందు రకమైన 737-800లు ఎగురుతూనే ఉన్నాయి. అలాంటి వార్తకు 800 ఫొటో వేస్తే, అందులో ప్రయాణించాల్సిన వాళ్లను ఊరికే భయపెట్టినట్టే. మ్యాక్స్‌ను పోల్చాలంటే ఇంజన్ కవరు వెనక అంచు చూడాలి, రంపపు పళ్లలా ఉంటుంది. రెక్క కొన రెండుగా చీలిందని మాత్రం తేల్చేయకూడదు, కొన్ని 800లకూ అలాంటి కొనలు తర్వాత బిగించారు.

యుద్ధ వార్తల్లోనూ ఇదే తీరు. గొలుసు పట్టాలు, పొడవాటి గొట్టం ఉంటే చాలు, ట్యాంకు అనేస్తారు. ఎం109కు ఇంజన్ ముందు, టరెట్ (గొట్టం అమర్చిన, తిరిగే పైభాగం) వెనక ఉంటాయి. అది ట్యాంకు కాదు, దూరం నుంచి గుండ్లు వేసే శతఘ్ని.

డెస్కులో ఫొటోను విమానయాన సంస్థ పేరుతో వెతకడం వల్లే ఈ పొరపాట్లు ఎక్కువ. ఒక్కో సంస్థ దగ్గర రెండు మూడు రకాల విమానాలుంటాయి, మొదట దొరికింది పేజీలోకి ఎక్కేస్తుంది. రకం పేరు కూడా చేర్చి వెతకండి. ఏజెన్సీ క్యాప్షన్ పూర్తిగా చదవండి, రకం చాలాసార్లు అందులోనే ఉంటుంది. అనుమానం తీరకపోతే విమానం వెనక భాగాన ఉండే రిజిస్ట్రేషన్ అక్షరాలను ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసిపోతుంది.

సరైన ఫొటో లేకపోతే ప్రమాద స్థలం మ్యాప్ వేయండి. తప్పు ఫొటో అచ్చయితే, పేరు తప్పు పడినప్పుడు వేసినట్టే మర్నాడు సవరణ వేయండి. వెబ్‌సైట్‌లో ఫొటో మార్చినప్పుడు, మార్చామని వార్త కిందే రాయండి.

– విమానాల మీద ఆసక్తి ఉన్న పాఠకులు