ముందు చక్రాల షాకర్లు మార్చాం, శబ్దం అలాగే ఉంది

నమస్తే అండి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత బళ్ళు తెచ్చే వాళ్ళందరికీ ఇది రాస్తున్నాను. ఈ మధ్య మా చేతుల మీదుగా రెండు తప్పులు జరిగాయి, వాటి తరవాత పని చేసే పద్ధతి మార్చుకున్నాం. కొంచెం పొడుగవుతుంది గానీ ఇది మీ డబ్బు సంగతి, అందుకని చివరిదాకా చదవండి.

కంకిపాడు అవతల నుంచి ఒక మేస్టారు వస్తారు. రిటైరయ్యారు, 2009 స్విఫ్ట్ పెట్రోలు, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్ళు నిండితే ఇంకో ఐదేళ్ళకి రిజిస్ట్రేషన్ కూడా రెన్యువల్ చేయించుకున్నారు, అంటే ఇప్పట్లో ఆ బండిని వదిలే ఉద్దేశం లేదు. ముందు ఎడమ పక్క నుంచి టకటకమని శబ్దం వస్తోందన్నారు. ఆ టైముకి నేను వేరే బండి కింద ఉన్నాను. మా కుర్రాడు ఒక రౌండు కొట్టొచ్చి, ఎడమ పక్క జాకీ వేసి చూసి, షాకర్ (షాక్ అబ్సార్బర్) మీద ఆయిల్ తడి కనపడితే అదేనన్నాడు, నేనూ సరే అనేశాను. ముందు చక్రాల రెండు షాకర్లూ మార్చి 7,400 బిల్లు తీసుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఫోను. "బాబూ, బండి మెత్తగానే పోతోంది గానీ శబ్దం ఎక్కడికీ పోలేదయ్యా."

రెండోసారి షాకర్ని పైన బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంటింగ్ నట్లు బిగించి పంపాం. మూడోసారి వచ్చినప్పుడు ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, నిదానంగా చూడమని చెప్పి, ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయారు. పరుషంగా ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు నేనే కూర్చున్నాను. బండిని జాకీ ఎక్కించలేదు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, కుర్రాణ్ణి బండిని పక్కలకి ఊపమని చెప్పి, చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి లింక్ రాడ్ (స్టెబిలైజర్ బార్‌ని షాకర్‌కి కలిపే చిన్న రాడ్డు) పై జాయింటు పట్టుకున్నాను. డాక్టరు నాడి చూస్తే తెలిసినట్టు, ఊపిన ప్రతిసారీ వేళ్ళ కింద టిక్కుమని తెలిసింది. చిన్న జాయింటు అండి అది, లోపల గోళీ అంత బంతి, దాని ప్లాస్టిక్ కప్పు అరిగిపోయి ఆట పట్టింది, అంటే వదులైంది. మా కుర్రాడికి ఎందుకు దొరకలేదంటే, ఒక పక్కే జాకీ వేస్తే ఆ చక్రం వేలాడుతుంది, రెండోది నేల మీదే ఉంటుంది, మధ్యలో స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే ఇనప కడ్డీ) మెలిపడి లింక్ రాడ్‌ని గట్టిగా లాగి పడుతుంది. అలా బిగిసి ఉన్నప్పుడు ఎంత అరిగిన జాయింటైనా కదలదు, చూసినవాడికి కొత్తదానిలాగే అనిపిస్తుంది.

రెండు లింక్ రాడ్లు వేశాక శబ్దం పోయింది. ఆ సామానుకీ పనికీ డబ్బు తీసుకోలేదు, షాకర్లకి తీసుకున్న లేబర్ కూడా తిరిగిచ్చాను. ఆ షాకర్‌కి తడి ఉన్నమాట నిజమే, కానీ పైన పల్చగా ఆయిల్ మసి పట్టడం వేరు, ధారగా కారడం వేరు. ఇంకొన్నాళ్ళు తిరిగేదే. ఆ మాట మేస్టారికీ చెప్పాను.

రెండో తప్పు ఇంకా పాతది. కిందటేడు ఒక ఐ20కి, చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు మార్చాం, ఎనిమిది నెలలకే చిరిగిపోయి తిరిగొచ్చింది. బుష్‌లు మంచివే. బండి లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు చివరిదాకా బిగించేశారు మావాళ్ళు. లోపల రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది. తరవాత బండి నేల మీదికి దిగి బరువు పడగానే రబ్బరు మెలి తిరిగి, రోజంతా ఆ మెలికతోనే తిరుగుతుంది. పాపం అది ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇప్పుడు బోల్టులు పైపైన పట్టించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

అందుకే, మా దగ్గర ముందు చక్రాల షాకర్లు ఈ ఏడాది మార్పించుకుని కూడా శబ్దం వింటున్న వాళ్ళు, కిందటేడు లోయర్ ఆర్మ్ బుష్‌లు వేయించుకున్న వాళ్ళు దయచేసి ఒకసారి బండి తీసుకురండి. ఊరికే చూస్తాం. తప్పు మాదైతే సరిచేసి పంపడం కూడా మాదే.

ఇక నుంచి వాట్సాప్‌లో శబ్దం రికార్డు చేసి పంపితే ఏ పార్టో, ఎంతవుతుందో చెప్పను. బాధపడకండి. ఫోన్లో వింటే లింక్ రాడ్, స్ట్రట్ మౌంటింగ్, బాల్ జాయింట్ (చక్రాన్ని లోయర్ ఆర్మ్ కి కలిపే కీలు), ర్యాక్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డు లోపలి కీలు) అన్నిటి టకటకా ఒకేలా ఉంటుంది. బండిని చూడటానికి ముప్పావుగంట పడుతుంది, 350 తీసుకుంటాం, పని మా దగ్గరే చేయిస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. ముందు మీ పక్కన కూర్చుని, మీరు రోజూ వెళ్ళే లాంటి రోడ్డు మీదే ఒక రౌండు వెళతాం. తరవాత చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపుతాం. కదిలితే ఒకరు లోపల బ్రేకు తొక్కి పట్టుకోవాలి. కదలిక ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ మీద అనుమానం, అప్పుడు రాడ్డు పెట్టి ఎత్తి చూస్తాం. అటూ ఇటూ పక్కలకి ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డు చక్రం వైపు కీలు), లేదా లోపలి ర్యాక్ ఎండ్. స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు స్ప్రింగు మీద చెయ్యి వేస్తే ఎగిరిపడినట్టు తెలిసిందా, పైన స్ట్రట్ బేరింగ్ పట్టేసిందన్నమాట. ఇవన్నీ మీ కళ్ళ ముందే చేస్తాం, మీ చేత్తో కూడా ఊపి చూడండి.

పాత మారుతి 800 ఉన్నవాళ్ళకి ఒక మాట. మీ బండిలో స్టెబిలైజర్ బారే చక్రాన్ని ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకుంటుంది. ఆ బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది, అందరూ తప్పు బ్రేకు షూలదే అనుకుంటారు.

చూశాక ఏది ఇప్పుడే మార్చాలో, ఏది ఆగొచ్చో విడిగా రాసిస్తాం. లింక్ రాడ్ శబ్దం చిరాకే గానీ ఒక నెల ఆగినా ఫర్వాలేదు. బాల్ జాయింట్‌లో ఆట ఉంటే మాత్రం బండిని హైవే ఎక్కించొద్దని చేతులు పట్టుకుని అడుగుతాను, అది ఊడితే చక్రం పక్కకి మడత పడిపోతుంది. టై రాడ్ ఎండ్ కూడా అంతే. ఇలాంటి ఆట ఉండగా అలైన్‌మెంట్ చేయించడం దండగ, సామాను మార్చాకే చేయించండి. మార్చిన పాత సామాను సంచిలో వేసి మీకే ఇచ్చేస్తాం.

కొందరు బుష్‌లకి పాత ఇంజనాయిల్, డీజిల్ కొట్టమని అడుగుతున్నారు. రెండు రోజులు కీచుమనడం ఆగుతుంది, నిజమే. కానీ ఆయిలు తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది, మేం కొట్టం. స్ప్రింగుల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కూడా మేం వెయ్యం.

వచ్చేముందు ఇంట్లో రెండు పనులు చెయ్యండి. టైరు మీద అరచెయ్యి వేసి ముందుకీ వెనక్కీ, పక్కలకీ నిమరండి, లోపలి అంచు ఒక్కటే అరిగిందా, రంపంలా తగులుతోందా చూడండి. శబ్దం ఎప్పుడొస్తోందో కాగితం మీద రాసుకోండి: చిన్న గతుకులకా, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడా, బ్రేకు వేస్తేనా, వాన పడ్డ రోజు తగ్గుతోందా, ఒక్కరే ఉంటేనా నలుగురు ఎక్కితేనా. బండి నడిపే మనిషే రావాలి, ఆ శబ్దం వారికే బాగా తెలుసు.

ఇంకోటి, డిక్కీలో జాకీ, స్టెప్నీ బిగించి ఉన్నాయో లేదో చూసుకుని రండి. మొన్న పటమట నుంచి ఒకమ్మగారు వెనక షాకర్లు పోయాయని టెన్షన్ పడుతూ వచ్చారు. చూస్తే స్టెప్నీ మీద బిగించే నట్టు లేదు. కొత్త నట్టు వేసి పంపించాం, ఆవిడ దగ్గర ఆ 350 కూడా తీసుకోలేదు.