విస్బీ ప్రాకారానికి సున్నం పెట్టించండి: వారసత్వ కట్టడాల అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

ఇదే విషయమై రెండేళ్లలో తమకు స్వీడిష్‌లో నాలుగు వినతిపత్రాలు పంపుకున్నాను. నాలుగింటికీ నమోదు సంఖ్య వచ్చింది గానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి మనసు విప్పి చెప్పుకోగలిగిన నా తెలుగులో, పదిమందీ చదివేలా రాస్తున్నాను. స్వీడిష్ ప్రతి తమకు విడిగా అందుతుంది.

స్వీడన్‌లోని ఈ విస్బీ పట్టణం చుట్టూ ఉన్న 3.4 కిలోమీటర్ల పాతకాలపు రాతి ప్రాకారం గురించి తమకు నేను చెప్పగలిగిందేమీ లేదు. నా బాధంతా నేను రోజూ నడిచే దారి పక్కనున్న పది పన్నెండు గజాల గోడ గురించే. ఎప్పుడో మరమ్మతు పేరిట అక్కడ పూసిన సిమెంటు పెచ్చులుగా ఊడుతోంది. మా నాన్నగారు రాజమహేంద్రవరం దగ్గర తాపీమేస్త్రి. గానుగ సున్నంతో కట్టిన గోడ తాగిన నీటిని తిరిగి వదిలేస్తుందని, దానిమీద సిమెంటు పూస్తే ఆ నీరు లోపలే నిలిచిపోతుందని చెప్పేవారు. మా ఊళ్లో అది చెమ్మగా మిగిలిపోతుంది. ఇక్కడి చలికి అదే నీరు గడ్డకట్టి, ఉబ్బి, సున్నపురాయిని లోపలినుంచి పగలగొడుతుంది. నిరుడు నవంబరులో ఒక సందులో వేలు పెడితే, రాయిని రాయితో పట్టి ఉంచవలసిన సున్నం తడి ఇసుకలా నా అరచేతిలోకి రాలింది. కింద పడి ఉన్న పిడికిలంత రాళ్లు ఏడు ఏరి గోడ మొదట్లో పేర్చాను. వారం తర్వాత వెళ్తే మరో నాలుగు రాలి ఉన్నాయి.

నిరుడు వసంతంలో తమ సిబ్బంది వచ్చి, పగులు పొడవునా గుర్తులు పెట్టి, వేసవిలోగా పని మొదలవుతుందన్నారు. వేసవి వెళ్లాక నిధులు రావాలన్నారు. ఈ వసంతంలో పరిశీలన నివేదిక రావాలన్నారు. ఇప్పుడు ఇనుప కంచె వేసి, ‘తాత్కాలికం’ అని బోర్డు తగిలించారు. కంచె దారిన పోయేవారిని కాపాడుతుంది, అందుకు కృతజ్ఞుణ్ణి. మరి గోడను ఎవరు కాపాడతారండీ?

2012 ఫిబ్రవరిలో ఇదే ప్రాకారంలో కొంత భాగం కుప్పకూలిన సంగతి తమకు గుర్తు చేయవలసి రావడమే కష్టంగా ఉంది. 1361లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ సైన్యం చేతిలో పల్లె రైతులు గోడ బయట చచ్చిపోతుంటే, ద్వారాలు మూసుకుని లోపల నిలబడ్డ పట్టణవాసులు ఆనుకున్న రాళ్లు కావచ్చు ఇవి. వాటిని నేను కాలిబాట మీద ఏరుకోవలసి వస్తోంది. 1995లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన పట్టణంలో, నేలంతా సున్నపురాయే అయిన ఈ గోట్లండ్ దీవిలో, పది గజాల గోడకు సున్నం కరువైందంటే ఎవరికి చెప్పుకోవాలి?

గడ్డకట్టే చలిలో సున్నం పని చేయడానికి వీల్లేదని తమకు తెలుసు. ఈ సెప్టెంబరు దాటితే మళ్లీ వసంతం దాకా ఆగవలసిందే, ఆ గోడ మరో చలికాలం తట్టుకోవలసిందే. దయచేసి ఆ సిమెంటు తీయించి, సున్నంతోనే సందులు నింపించండి. అదీ కుదరకపోతే పని మొదలయ్యే తేదీ అయినా చెప్పండి. నేను పేర్చిన రాళ్లు కంచె లోపల అలాగే ఉన్నాయి. ఏది ఏ సందులోంచి రాలిందో ఇప్పటికైతే చూపించగలను.

ఇట్లు,
విస్బీలో నివసిస్తున్న ఒక తెలుగువాడు