ఏసీ పెట్టినంత మాత్రాన ఐసొలేషన్ గది కాదు

సంపాదకులకు,

క్షయ అనుమానం ఉన్న రోగిని వార్డు చివరి గదిలోకి మార్చి, తలుపుకు ‘ఐసొలేషన్’ బోర్డు తగిలించి, కిటికీలు మూసి స్ప్లిట్ ఏసీ వేయడం చాలా ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. షిఫ్టంతా ఆ గదిలోకి వెళ్లొచ్చే నర్సుకు ఇది ప్రమాదం. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. రోగి దగ్గినప్పుడు వచ్చే అతి సన్నటి తుంపరలు అందులోనే గంటల తరబడి తేలుతుంటాయి.

గాలి ద్వారా సోకే జబ్బులకు గదిలో గాలి గంటకు 12 సార్లు మారాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదిలోంచి గంటకు సుమారు 410 ఘనమీటర్ల గాలిని ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి పంపాలి. జాలీ, షట్టర్ అడ్డొచ్చి ఫ్యాన్ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి కాస్త పెద్దదే కొనాలి. దాన్ని తలుపుకు ఎదురుగా, రోగి తల వైపున్న బయటి గోడకు బిగించాలి. రోగి బంధువులు పడుకునే వరండాలోకి మాత్రం తెరవకూడదు. ఫ్యాన్ పక్క కిటికీ తెరిచి ఉంటే ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లాగుతుంది, మంచం దగ్గర గాలి కదలదు. రాత్రిళ్లు చప్పుడని ఆపేయడం మరో పొరపాటు.

పరీక్ష సులువు. తలుపు మూసి, బయట కింది సందు దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ లోపలికి పోవాలి. బయటికే వస్తుంటే గది గాలి వార్డులోకి వస్తున్నట్టే. షిఫ్టు మారేటప్పుడు ఇది చూసి హ్యాండోవర్ పుస్తకంలో రాయాలి. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో కూడా, రోగి వెళ్లాక గాలి 99 శాతం శుభ్రపడటానికి 23 నిమిషాలు పడుతుంది. అంతలోపు తుడవడానికి వెళ్లే ఆయాకూ ఎన్‌95 మాస్కు ఇవ్వాలి.

ఎక్స్‌రేకు తీసుకెళ్లేటప్పుడు రోగికి సర్జికల్ మాస్కు పెట్టాలి. ఎన్‌95 నర్సుకు. పై పట్టీ నడినెత్తిన, కింది పట్టీ మెడ వెనక ఉండాలి. రెండూ మెడకే వేసుకుంటే ముక్కు దగ్గర సందు మిగులుతుంది. గది దాటి, తలుపు మూశాకే పట్టీలు పట్టుకుని తీయాలి, ముందు భాగం తాకకూడదు. అందుకు తలుపు బయటే మూత ఉన్న పసుపు బుట్ట, చేతులు శుభ్రం చేసుకునే హ్యాండ్‌రబ్ ఉండాలి. అవి వార్డు ఆ చివర ఉంటే నర్సు వాడిన మాస్కు పట్టుకుని వార్డంతా నడవాల్సి వస్తుంది.

వార్డు మరమ్మతుల అంచనాల్లో ఏసీతో పాటు ఈ ఫ్యాన్‌నూ చేర్చాలని సూపరింటెండెంట్లను, వైద్య మౌలిక సదుపాయాల సంస్థల ఇంజినీర్లను కోరుతున్నాం.

– ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సులు, గుంటూరు