మెల్‌బోర్న్ వెళ్తున్నావుగా, ఒక మాట

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందిందిరా. డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో మీ అక్కయ్యవాళ్ళింటికి వెళ్తున్నావని చదవగానే కాగితం పట్టుకుని కూర్చున్నా. నీకు ఆస్ట్రేలియా పాతకాలపు క్రికెటర్ టామ్ విల్స్ గురించి చెప్పాలి.

2020 డిసెంబర్ 26 గుర్తుందా? తెల్లారకముందే లేచి మీ ఇంట్లో టీవీకి అతుక్కుపోయాం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద మన సిరాజ్‌కి మొదటి టెస్టు. తండ్రి పోయి నలభై రోజులు కూడా కాలేదు పాపం. ఆ మ్యాచ్ చివర్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌గా రహానేకి ఇచ్చింది జానీ ముల్లా పేరున పెట్టిన పతకం. ముల్లా 1860ల నాటి ఆస్ట్రేలియా ఆదివాసీ క్రికెటర్. ఆ ముల్లా జట్టుకి కోచ్‌గా ఉన్నవాడే ఈ విల్స్.

1835లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టాడు. చిన్నప్పుడు విక్టోరియాలో జాబ్ వురుంగ్ ఆదివాసీ పిల్లలతో తిరిగి వాళ్ళ భాష, పాటలు పట్టేశాడు. పద్నాలుగేళ్ళకి ఇంగ్లాండ్‌లో రగ్బీ స్కూలుకి పంపితే అక్కడ క్రికెట్ కెప్టెన్ అయ్యాడు. తిరిగొచ్చాక విక్టోరియా క్రికెట్ జట్టుకి కెప్టెన్. చలికాలంలో క్రికెటర్లు ఖాళీగా ఉండకూడదని, ఫుట్‌బాల్ క్లబ్ పెడదామని 1858లో పేపరుకి రాశాడు. మరుసటేడు ఇంకో ముగ్గురితో కలిసి రాసిన రూల్సే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కి మొదలు.

1861లో తండ్రితో క్వీన్స్‌లాండ్ వెళ్ళాడు. అక్టోబర్ 17న అక్కడి కల్లిన్-లా-రింగోలో ఆదివాసులు దాడి చేసి 19 మందిని చంపేశారు. చనిపోయినవాళ్ళలో టామ్ నాన్న కూడా ఉన్నాడురా. సరుకుల కోసం వెళ్ళి ఉండటంతో టామ్ బతికాడు. ఆ పగతో తెల్లవాళ్ళు ఎంతోమంది ఆదివాసుల్ని పొట్టన పెట్టుకున్నారు.

ఐదేళ్ళకి అదే మనిషి విక్టోరియాలో ఎడెన్‌హోప్ దగ్గర లేక్ వాలెస్‌కి వెళ్ళి ఆదివాసీ కుర్రాళ్ళకి ఆట నేర్పాడు. వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడాడు. 1866 బాక్సింగ్ డే నాడు, అంటే అదే డిసెంబర్ 26న, వాళ్ళకి కెప్టెన్‌గా మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో దిగాడు. పదివేల మంది జనం! మెల్‌బోర్న్ క్లబ్ 9 వికెట్లతో గెలిచింది, గెలవనీ. నాన్నని పోగొట్టుకున్నవాడు అటువైపు నడిచాడంటే, చిన్నప్పటి ఆ భాషే లాక్కెళ్ళిందని నా నమ్మకం.

1868లో ముల్లావాళ్ళు ఇంగ్లాండ్ వెళ్ళి 47 మ్యాచ్‌లాడారు. కెప్టెన్‌గా వెళ్ళింది చార్లెస్ లారెన్స్. విల్స్ ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. తర్వాత చెయ్యి మడిచి బంతి విసురుతున్నాడని నోబాల్స్ ఇచ్చారు, తాగుడు ముదిరింది. 1880 మేలో, 44 ఏళ్ళకే, తన ప్రాణం తనే తీసుకున్నాడు. మెల్‌బోర్న్ శివారు హైడెల్‌బర్గ్‌లో ఆయన సమాధి మీద వందేళ్ళపాటు పేరున్న రాయి కూడా లేదురా.

ఎంసీజీ బయట ఫుట్‌బాల్ అంపైర్‌గా ఆయన విగ్రహం ఉంది, ఫోటో తీసి పంపు. వీలు చూసుకుని హైడెల్‌బర్గ్ కూడా వెళ్ళు. నా పేరున రెండు పూలు పెట్టిరా.

నీ
రాజు