అంగారకుడి మీద గుంతల లెక్క: 8, 9 తరగతుల తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ శనివారం 8, 9 తరగతుల పిల్లలు ఒక అట్ట గొట్టం పట్టుకుని ఇంటికి వస్తారు. అందులో చుట్టిపెట్టిన ఏ3 కాగితం ఒకటి, దాని మీద పరిచే పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు ఒకటి ఉంటాయి. కాగితం మీద ఉన్నది అంగారకుడి నేల. అందులో కనిపించే గుంతల్లో వ్యాసం 4 మిల్లీమీటర్లకు తగ్గని ప్రతిదాన్నీ పిల్లలు గుర్తించాలి. మీరు చేయాల్సింది ఒక్కటే, చేయి పెట్టకుండా ఉండడం. సైన్సు ఫెయిర్ మోడళ్లు ఎవరి చేతుల్లో తయారవుతాయో మనందరికీ తెలిసిందే కాబట్టి ముందే చెబుతున్నాను. ఈసారి పెద్దల సాయం అందితే పని మెరుగుపడదు, చెడుతుంది. ఎందుకో ముందు ముందు రాశాను.

గుంతలు లెక్కపెడితే నేల వయసు తెలుస్తుంది. అంగారకుడి మీద ఉల్క పడి ఏర్పడిన బిలం చెరిగిపోవడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి, నేల ఎంత పాతదైతే దాని మీద అన్ని ఎక్కువ దెబ్బలు కనిపిస్తాయి. 1969 నుంచి 1972 దాకా అపోలో వ్యోమగాములు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్ల వయసును ప్రయోగశాలల్లో కట్టారు. ఆ రాళ్లు తీసిన చోట ఎన్ని గుంతలున్నాయో చూసి వయసుకూ సంఖ్యకూ లంకె వేశారు. అదే లంకెను అంగారకుడికి తగ్గట్టు సర్ది వాడుతున్నారు. అక్కడ ఫలానా చోట తీసిందని చెప్పగల రాయి ఒక్కటి కూడా ఇప్పటికి మన చేతికి రాలేదు. అందుకే లెక్కకు ఇంత విలువ.

ఈ పనిని మామూలు జనానికి అప్పగించవచ్చా అన్న ప్రశ్న 2000 నవంబరులో పరీక్షకు వచ్చింది. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం 'క్లిక్‌వర్కర్స్' పేరుతో వైకింగ్ వ్యోమనౌకలు తీసిన అంగారకుడి చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. అర్హత ఏదీ అడగలేదు. బిలం అంచు మీద నాలుగు చోట్ల క్లిక్ చేస్తే కంప్యూటర్ వృత్తం గీసేది. మొదటి ఆరు నెలల్లో 85,000 మందికి పైగా ఆ సైటుకు వచ్చారు, 19 లక్షలకు పైగా గుర్తులు పడ్డాయి. నాడీన్ బార్లో అనే గ్రహాల శాస్త్రవేత్త అంతకుముందే 5 కి.మీ. పైబడిన 42,283 బిలాల పట్టిక ఒకటి సొంతంగా తయారుచేసి ఉన్నారు. దానితో పోల్చి చూస్తే, ఎక్కువ మంది పెట్టిన గుర్తులను కలిపి తీసిన ఫలితానికీ ఏళ్ల అనుభవమున్న నిపుణుల గుర్తులకూ తేడా పట్టడం కష్టమైంది. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించిన అంకె ఇంకొకటుంది. ఆ పనిలో 37 శాతం ఒక్కసారి వచ్చి మళ్లీ రానివాళ్లు చేసినదే.

మన పని కూడా అదే పద్ధతిలో, కాగితం మీద. కంప్యూటర్ గదిలో అందరికీ సరిపడా యంత్రాలు లేవు కాబట్టి కాగితమే మేలనుకున్నాం. హెస్పీరియా ప్లానమ్ అనే లావా మైదానంలోంచి 25 ముక్కలు తీసుకున్నాం. ఒక్కో ముక్క 200 కి.మీ. పొడవు, 200 కి.మీ. వెడల్పు. కాగితం మధ్యలో 20 సెం.మీ. చదరంగా అచ్చయింది, అంటే 1 మిల్లీమీటరుకు 1 కిలోమీటరు. చదరం చుట్టూ మరో 4 సెం.మీ. మేర నేల లేత రంగులో ఉంటుంది. 25 ముక్కలూ కలిపితే సరిగ్గా 10 లక్షల చదరపు కిలోమీటర్లు. శాస్త్రవేత్తలు లెక్క చెప్పేది కూడా ఇంత వైశాల్యానికే కాబట్టి చివర్లో భాగహారాల బెడద ఉండదు. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు కూడా లావా రాతిలో ఉల్క చేసిన గుంతే. దాని వ్యాసం 1.8 కి.మీ., మన కాగితం మీదైతే 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు.

రెండు తరగతుల్లో కలిపి 132 మంది ఉన్నారు. ఒక్కో ముక్కను ఐదుగురు, ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా చేస్తారు. మిగిలిన ఏడుగురు అంకెలను ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. కాగితం మూలన 17-గ అని ఉంటే అది 17వ ముక్కకు మూడో ప్రతి అని. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఒకే ఆటోలో వచ్చే పిల్లలకు ఒకే ముక్క పడకుండా చూశాం.

చిత్రం చూడడంలోనే మొదటి చిక్కు ఉంది. ఇది మామూలు ఫొటో కాదు. మార్స్ ఒడిస్సీ వ్యోమనౌక మీది థెమిస్ కెమెరా పగటిపూట నేల వేడిని పట్టిన చిత్రం. ఎండ తగిలే వాలు వేడెక్కి తెల్లగా, నీడ వైపు చల్లగా ఉండి నల్లగా వస్తుంది. తీసింది మధ్యాహ్నం దాటాక కాబట్టి ఎండ పడమర నుంచి, అంటే కాగితానికి ఎడమ వైపు నుంచి పడుతుంది. గుంత అయితే లోపలి ఎడమ గోడ నల్లగా, కుడి గోడ తెల్లగా ఉంటుంది. గుట్ట అయితే ఎడమ తెలుపు, కుడి నలుపు. వెలుతురు పైనుంచే పడుతుందని మన కన్ను అనుకుంటుంది కాబట్టి కాసేపటికి గుంతలన్నీ బుడిపెల్లా కనబడడం మొదలవుతుంది. అలా అయినప్పుడు కాగితాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు పావు వంతు తిప్పితే ఎడమ అంచు పైకి వచ్చి గుంతలు మళ్లీ గుంతల్లా కనిపిస్తాయి. కొలతలు రాసేటప్పుడు మాత్రం మళ్లీ నిలువుగా పెట్టుకోవాలి.

పని ఇలా సాగాలి. ముందుగా ఓహెచ్‌పీ షీటును కాగితం నాలుగు మూలలకూ సెల్లో టేపుతో అంటించి, చదరం మూలల గుర్తులను దాని మీద ఎక్కించుకోవాలి. షీటు 2 మిల్లీమీటర్లు జరిగినా రాసిన స్థానాలన్నీ తప్పవుతాయి. తర్వాత సన్నని పర్మనెంట్ మార్కరుతో ఒక్కో బిలం గట్టు మీద పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చుక్కలు పెట్టాలి. ఆ నాలుగూ కలిసేలా సర్కిల్ టెంప్లేట్‌తో వృత్తం గీయాలి. చివరగా నోటు పుస్తకంలో మూడు అంకెలు రాయాలి: కేంద్రం ఎడమ గీత నుంచి ఎంత దూరం, కింది గీత నుంచి ఎంత దూరం, వ్యాసం ఎంత. అన్నీ మిల్లీమీటర్లలో, అర మిల్లీమీటరు దాకా. కేంద్రం చదరం లోపల పడితేనే లెక్క. అంచు మీద సగం తెగినట్టున్న గుంతకు మిగతా చుక్కలు పెట్టడానికే బయటి 4 సెం.మీ. ఇచ్చింది.

లెక్క ఎక్కువగా తప్పేది ఆ చుక్కల దగ్గరే. బావి గట్టులాగా బిలం అంచు కాస్త లేచి ఉంటుంది, చుక్క ఆ గట్టు శిఖరం మీద పడాలి. దాని బయట ఎగజిమ్మిన మట్టి పొర కూడా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి చాలామంది చుక్కను అక్కడికి జరుపుతారు. అలా వ్యాసం పదో వంతు పెరిగితే ఏమవుతుందో చూడండి. చివరికి మనం లెక్కపెట్టేది 5 కి.మీ. పైబడిన గుంతలనే. బిలాల్లో చిన్నవే ఎక్కువ. వ్యాసం సగమైతే సంఖ్య దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన వ్యాసాలన్నీ పది శాతం ఎక్కువగా కొలిస్తే, నిజానికి 5 కి.మీ. లేని గుంతలు కూడా గీత దాటి వచ్చి మొత్తం ఇరవై శాతం పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల లెక్క కావాల్సిన చోట 4 నుంచే గుర్తించమన్నది ఇందుకే. కోత కోసేది ఐదుగురి కొలతలూ కలిపాకే.

హెస్పీరియాకు సొంత మోసాలు రెండున్నాయి. మైదానం నిండా సన్నని ముడతల్లాంటి గట్లు ఉంటాయి. రెండు గట్లు వంపు తిరిగి దగ్గరికొస్తే వాటి మధ్య నేల గుంతలా కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఆ వలయం నిజంగానే లావా కింద పూడిపోయిన పాత బిలం. అలాంటి నీడ బిలాలు లావా కంటే ముందువి కాబట్టి లావా వయసు లెక్కలోకి రావు. వాటిని వదిలేయకుండా చుక్కల గీతతో వేరుగా చూపించాలి. రెండోది టిరీనస్ మోన్స్ అనే అగ్నిపర్వతం. దాని నోరు పెద్ద గుంతే కానీ ఉల్క చేసింది కాదు. అంచు వంకరటింకరగా ఉంటుంది, చుట్టూ ఎగజిమ్మిన మట్టి ఉండదు. ఆ ముక్క ఎవరికి వచ్చిందో చెప్పను.

సోమవారం నుంచి కలిపే పని మొదలవుతుంది. రెండు గుర్తుల కేంద్రాల మధ్య దూరం వ్యాసంలో పావు వంతు కంటే తక్కువగా, వ్యాసాల తేడా కూడా పావు వంతు లోపలే ఉంటే అవి ఒకే బిలం. ఐదుగురిలో కనీసం ముగ్గురు గుర్తించినదే లెక్కలోకి వస్తుంది. వ్యాసంగా అంకమధ్యమం (సగటు) కాదు, మధ్యగతం, అంటే కొలతలను వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది తీసుకుంటాం. ఒక్కరు 6కు బదులు 60 రాసినా మధ్యగతం చెక్కుచెదరదు. 9వ తరగతి గణితంలో ఇది ఎందుకుందో పిల్లలు ఇక్కడ చూస్తారు.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. ఐదుగురు విడివిడిగా చూస్తేనే ఒకరి తప్పు ఇంకొకరి తప్పుతో కొట్టుకుపోతుంది. మీరు పక్కన కూర్చుని "అదిగో, అక్కడొకటి వదిలేశావు" అన్నా, తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పూర్తయిన షీటు ఫొటో పెట్టినా, ఐదుగురి తప్పులూ ఒకే వైపుకు వంగుతాయి. అప్పుడు మధ్యగతం కూడా కాపాడలేదు. వదిలేసిన గుంత వదిలేసినట్టే ఉండనివ్వండి. అనుభవజ్ఞులైన నిపుణులకు ఒకే చిత్రం ఇచ్చినా లెక్కలు కలవవని 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. అలాంటప్పుడు మన పిల్లల షీటు 'తప్పు' అని దిద్దడానికి సరైన ప్రతి ఎవరి దగ్గరుంది? మార్కులు కూడా ఏమీ లేవు. మీకూ చేయాలనిపిస్తే ఆఫీసులో అడగండి, వేరే ముక్క ఇస్తాం. పెద్దల షీట్లను వేరుగా కలిపి పిల్లల లెక్క పక్కన పెడతాం.

చివరికి వచ్చే అంకెను ఇలా చదవాలి. 10 లక్షల చదరపు కిలోమీటర్లలో 5 కి.మీ. పైబడిన బిలాలు 200 దాటితే ఆ నేల నోయాకియన్ యుగానిది, సుమారు 370 కోట్ల ఏళ్లకు పైబడినది. 67 నుంచి 200 మధ్య అయితే దాని తర్వాతి హెస్పీరియన్ యుగానిది, 67 లోపు అయితే అన్నిటికంటే కొత్తదైన అమెజోనియన్ యుగానిది. ఇలాంటి లెక్క దాని వర్గమూలమంత అటూ ఇటూ కావడం మామూలే. మనకు 150 వస్తే దాని వర్గమూలం సుమారు 12 కాబట్టి 138 నుంచి 162 మధ్య అని చెబుతాం. ఒక్క ముక్కలో రెండే దొరికినా, పన్నెండు దొరికినా కంగారు పడనక్కర్లేదు. అంత చిన్న చోట అంత తేడా మామూలే. ఆ తర్వాత స్టూవర్ట్ రాబిన్స్, బ్రయన్ హైనెక్ 2012లో ప్రచురించిన పట్టికతో పోల్చుకుంటాం. అంగారకుడి మీద 1 కి.మీ., అంతకు మించిన బిలాలు 3,84,343 అందులో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. లెక్క పూర్తయ్యేదాకా పిల్లలు దాని జోలికి పోకుండా చూడండి.

టెంప్లేటు, మార్కరు బడి ఇస్తుంది. ఇంట్లో కావాల్సింది చదునైన బల్ల, నీడ పడని వెలుతురు, ఓ గంట సమయం. ఒక్క బిగిన కూర్చోనక్కర్లేదు, కళ్లు అలసినప్పుడు పెట్టే గుర్తులే ఎక్కువగా తప్పుతాయి. షీటును మడతపెట్టవద్దు, మడత గీత స్కానరులో గట్టులా కనిపిస్తుంది. గొట్టంలోనే చుట్టి సోమవారం మొదటి పీరియడ్‌కు తరగతి టీచరుకు అందేలా పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు