చెల్టెన్‌హామ్ జాకీ జార్జ్ స్టీవెన్స్ గురించి

చి. ల. సౌ. అమ్మడిని నాన్న ఆశీర్వదించి రాయునది.

మార్చి నెలలో మీ చెల్టెన్‌హామ్‌లో జరిగే గుర్రపు పందేల సందడి గురించి నువ్వు చెప్పినప్పటి నుంచీ, ఆ ఊరి జాకీ జార్జ్ స్టీవెన్స్ సంగతి నీకు రాయాలని అనుకుంటున్నాను. లివర్‌పూల్ దగ్గరి ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ అనే గుర్రపు పందేన్ని ఆయన 1856, 1863, 1864, 1869, 1870 సంవత్సరాల్లో, మొత్తం ఐదుసార్లు గెలిచాడు. ఇన్నేళ్లలో మరే జాకీ ఆ లెక్కను అందుకోలేదు. అయినా, 1839లో అక్కడి వాగులో పడిపోయిన కెప్టెన్ బెచర్ పేరు ఆ వాగుకే స్థిరపడి లోకమంతా తెలిసింది కానీ, స్టీవెన్స్ పేరు ఎరిగినవారు బహు తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మన మలక్‌పేటలో గుర్రాలు చదునైన పచ్చిక మీద పరుగెత్తుతాయి. ఎయిన్‌ట్రీలో అలా కాదు. నాలుగు మైళ్లకు పైగా పరుగెడుతూ, దాదాపు ముప్ఫైసార్లు కంచెలనూ కాలువలనూ దూకాలి. మొదటి చుట్టులోనే కొన్ని గుర్రాలు కూలబడతాయి, రౌతును పోగొట్టుకున్నవి అడ్డదిడ్డంగా తిరిగి వెనక వచ్చేవాటిని పడగొడతాయి, ముందుగా ఉరికినవి రెండో చుట్టుకు రొప్పుతూ చతికిలబడతాయి. స్టీవెన్స్ ఆ తొక్కిసలాటకు దూరంగా, కళ్లెం బిగబట్టి వెనకనే ఉండి, గుర్రం సత్తువను చివరి వరకు దాచేవాడు. చుట్టూ అందరూ అదిలిస్తూ దూసుకుపోతుంటే అలా ఆగడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించు.

ఆయనను చేరదీసి తీర్చిదిద్దినవాడు చెల్టెన్‌హామ్‌లో గుర్రాలకు తర్ఫీదునిచ్చిన విలియం హోల్‌మన్. మొదటి విజయం తెచ్చిన ఫ్రీట్రేడర్ ఆయన తయారుచేసిన గుర్రమే. తర్వాతి రెండు విజయాలు లార్డ్ కోవెంట్రీ గుర్రాలైన ఎంబ్లమ్, ఎంబ్లమాటిక్ అనే అక్కాచెల్లెళ్ల మీద వచ్చాయి. చివరి రెండూ ద కర్నల్ మీద. వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1870 నాటి పందెం. ఆఖరి పరుగులో ద డాక్టర్ అనే గుర్రం ద కర్నల్‌తో భుజం భుజం కలిపి వచ్చింది. దాని మీద ఉన్నది గురువుగారి కొడుకు జార్జ్ హోల్‌మన్. చివరకు స్టీవెన్స్ కేవలం మెడవాసి తేడాతో గెలిచాడు.

1871లో కూడా ద కర్నల్ మీదనే ఎయిన్‌ట్రీలో స్వారీ చేశాడు కానీ గెలవలేదు. ఆ జూన్‌లో ఊళ్లోంచి క్లీవ్ హిల్ మీది తన ఇంటికి మామూలు గుర్రం మీద వెళ్తుండగా గాలికి టోపీ ఎగిరిపోయింది. ఒక కుర్రవాడు దాన్ని తీసి అందించిన తర్వాత గుర్రం అదుపు తప్పి కొండవాలున పరుగు తీసింది. కిందపడిన స్టీవెన్స్ తలకు తగిలిన దెబ్బతో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయనను తలచుకునే కొద్దిమందీ ఈ చావు గురించే చెప్పుకుంటారు. నేను మాత్రం ఆయన పనితనాన్ని నువ్వు ముందు తెలుసుకోవాలని ఇంతగా రాశాను.

ఆయన పడిన చోట, సౌతమ్ దగ్గర, ఒక స్మారక శిల ఉంది. అది మీ ఊరికి దగ్గరే కాబట్టి, ఎండ కాసిన ఆదివారం వెళ్లి, దాని మీది అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో చూసి నాకు రాయి.

ఇట్లు,
మీ నాన్న